రెండు వందల యాభై చుట్లు

మోటారు కాలిపోతే రైతుకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాత దిగులు వస్తుంది. ఆ మోటారును వడమాలపేటలో దేవరాజులన్న వైండింగ్ షాపుకు తీసుకుపోతే మూడోది కూడా వస్తుంది. అది మోర్సు కోడ్. ఎగతాళికి చెప్పడం లేదు. నాకు అలాగే వచ్చింది.

1995 ఏప్రిల్లో మా నాయన బోరు మోటారు కాలిపోయింది. చెరకు ఎండిపోతోందని ఆయనకు అన్నం సయించడం లేదు. నేను తిరుపతిలో కాపురం ఉంటూ, రోజూ బస్సులో వచ్చి వడమాలపేట బడిలో సైన్సు పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారం పూట నన్ను పిలిపించి, "అమ్మా నవీనా, నువ్వు పోయి షాపుకాడ కూర్చో. మనిసి కండ్ల ముందర లేకపోతే వాడు ఇంకొగరి మోటారు ముందు సుట్టేస్తాడు" అన్నాడు. నాయన మాట కాదనలేక పోయి కూర్చున్నాను.

పుత్తూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు. లోపల వార్నిష్ వాసన, కాలిన తీగ వాసన. గోడకు ఒక మేకు, ఆ మేకుకు రెండు జతల భజన చెక్కలు. దేవరాజులన్నకు అప్పటికి నలభై అయిదేళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, మెడలో తువ్వాలుతో ఉన్నాడు. నన్ను చూడగానే మోటారు సంగతి మాట్లాడకుండా ఇనుము కోసే ఆక్సా బ్లేడు అరిగిపోయిన ముక్క ఒకటి చేతిలో పెట్టాడు.

"మోటారు సాయంత్రానికవుతాది టీచరమ్మా. అంతదాకా ఊరికినే కూర్చుంటే మనిసికి తుప్పు పడతాది. ఇదో, ఈ బ్లేడుకు రెండు బొక్కలు ఎయ్యి."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నేను మోటారు కోసం వచ్చినాను. బ్లేడుకు బొక్కలు వేసేదానికి కాదు" అన్నాను.

"కోపంగా ఉంటే ఇంకా మంచిది. బొక్క నేరుగా పడతాది" అన్నాడాయన.

చుట్టూ చూస్తే నాలాగా మోటార్ల కోసం వచ్చిన రైతులు ముగ్గురు బల్ల మీద కూర్చొని, ఎవరి బ్లేడుకు వాళ్ళు బొక్కలు వేసుకుంటున్నారు. ఒకాయన నా వైపు చూసి, "ఎయ్యమ్మా, తప్పదు. నేను రెండో మోటారుకు వచ్చినా. పోయిన తూరి సగంలో ఉండిపోయినాది" అన్నాడు.

ఆ రోజు నేను తయారుచేసింది ఇది. మామిడికాయల పెట్టెలోంచి ఊడదీసిన చెక్కపలక ఒకటి. దాని మీద ఆ బ్లేడు ముక్క, కింద ఒక మరమేకు. బ్లేడును నొక్కితే మరమేకుకు తగులుతుంది, వదిలితే పైకి లేస్తుంది. నొక్కేచోట టానిక్ సీసా మూత. పక్కన పాత రేడియోల్లోంచి తీసిన రెండు ట్రాన్సిస్టర్లు, ఒక బుల్లి స్పీకరు, టార్చిలైటు సెల్లు. నొక్కినంతసేపు కుయ్యిమని మోగాలి. అంతే, దానిపేరు పీపీ.

నాది మోగలేదు. బడిలో ట్రాన్సిస్టర్ పాఠం తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను. ట్రాన్సిస్టర్‌ను చేత్తో పట్టుకోవడం మాత్రం అదే మొదటిసారి. మూడు కాళ్ళలో ఏది ఏదో పుస్తకంలో గీసి చూపిస్తాను గాని, చేతిలో ఉన్నప్పుడు అది నా వైపు చూస్తోందో అటు చూస్తోందో అర్థం కాలేదు. దేవరాజులన్నను అడిగితే తల కూడా ఎత్తలేదు. "నీ సేత్తో సేసింది నీ సేత్తోనే పలకాల" అన్నాడు. ఆయన షాపులో ఉన్న ఒకే ఒక్క నియమం అది. మోటారును ఎంత దూరం నుంచి తెచ్చినా బాగుచేస్తాడు, పీపీని మాత్రం ముట్టుకోడు.

గంటన్నర తిప్పలు పడ్డాక ట్రాన్సిస్టర్‌ను తిప్పి పెట్టాను. కుయ్యిమంది. షాపులో ఉన్న రైతులందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పెళ్ళయిన కొత్తలో కూడా అంత సంతోషపడ్డానో లేదో, ఆ సంగతి మా ఆయనకు చెప్పలేదు.

అప్పుడు దేవరాజులన్న చేతులు తుడుచుకొని, మేకు మీది చెక్కలు తీశాడు. మా వైపు చెక్కభజన తెలియనివాళ్ళుండరు. రెండు చేతుల్లో చెక్కలు పట్టుకొని, పాడుతూ, చుట్టూ తిరుగుతూ ఆడతారు. చెక్కల్లో బిగించిన బిళ్ళలు ఘల్లుమంటాయి. ఆయన ఇరవై అయిదేళ్ళుగా ఆ ఊరి భజనకు గురువు. చెక్కను ఒకసారి టక్కుమని తట్టి, "ఇది సుక్క" అన్నాడు. తట్టి, పట్టుకొని, ఘల్లుమని ఊపి, "ఇది గీత. ఈ రెండే. ఇంగ్లీసులో ఉండే అచ్చరాలన్నీ ఈ రెండిట్లోనే ఉండాయి. నీ పేరేంది?"

"నవీన."

"అదురుష్టవంతురాలివి. ఇంగ్లీసులో నీ పేరుకు 'E' రెండు తూర్లు వస్తాది. 'E' అంటే ఒగే సుక్క. నా పేరు కొట్టాలంటే సెయ్యి పడిపోతాది." ఘల్ టక్, టక్ ఘల్ అంటూ నా పేరు మొత్తం చెక్కలతో వాయించి చూపించాడు. సాయంత్రం మోటారు తయారయ్యేసరికి నా పేరును నేను పీపీ మీద కొట్టగలిగాను. నాయన చెరకుకు నీళ్ళు పారాయి. నాకు వచ్చే ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఆత్రం పట్టుకుంది.

ఈ పిచ్చి ఆయనకు ఎట్లా పట్టిందో తర్వాత తెలిసింది. పుత్తూరులో చిన్నబ్బ అనే పెద్దాయన ఉండేవాడు, సైన్యంలో తంతి పని చేసి దిగిపోయినవాడు. ఇంట్లోనే చిన్న రేడియో సెట్టు పెట్టుకొని, ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుతో, ఎక్కడెక్కడి మనుషులతోనో మోర్సులో మాట్లాడేవాడు. ఇట్లా సరదాకు మాట్లాడేవాళ్ళను హామ్‌లు అంటారు. ఆయన మోటారు చుట్టడానికి పోయిన దేవరాజులన్న, ఆ కూతలు విని అక్కడే కూర్చుండిపోయాడు. "రాగితీగ సుట్టేవానికి రేడియో తెలియకపోతే ఎట్లప్పా? అందులో ఉండేదీ రాగి సుట్లే గదా" అన్నాడట చిన్నబ్బ. నాలుగేళ్ళు నేర్పాడు. చనిపోయేముందు ఒక్కటే అడిగాడట, నువ్వు నేర్చుకున్నది పదిమంది చేత చేయించు అని.

పదిమంది ఎప్పుడో దాటిపోయారు. నేను పోయేసరికి నాది పంతొమ్మిదో పీపీ. దేవరాజులన్న ఎవరినీ మోర్సు నేర్చుకోమని అడగలేదు. "నేర్చుకోమంటే ఎవురొస్తారు? పీపీ సేద్దాం రాండి అంటే అందరూ వస్తారు. సేతిలో పీపీ పెట్టుకొని ఊరుకునే మనిసి యాడుండాడు?" అనేవాడు. పీపీ తర్వాత డాల్డా డబ్బాలో రేడియో. అది చేస్తే ఎక్కడెక్కడి మోర్సో వినబడేది. విన్నాక అదేం చెబుతోందో తెలుసుకోకుండా నిద్రపట్టేది కాదు. ఈమధ్య మోర్సు రాకపోయినా ఒక రకం లైసెన్సు ఇస్తున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు, ఇంక ఇదంతా ఎందుకన్నా అంటే, ఇప్పటికీ ఆయన వాదించడు. బ్లేడు ముక్క చేతిలో పెడతాడు.

షాపులో ఒక గూడు ఉంది. అందులో ఎర్రగుడ్డ కప్పిన పెట్టె ఒకటి. ఆయుధపూజ నాడు పట్టకార్లకు, సుత్తెలకు, చుట్టే మిషనుకు పసుపు కుంకుమ పెట్టేముందు ఆ పెట్టెకు పెట్టేవాడు. ఆ ఏడాది నేనూ అక్కడే ఉన్నాను. గుడ్డ తీసి చూపించాడు. తాను చుట్టిన చుట్లతో తాను చేసిన ట్రాన్స్‌మిటరు. రాగితీగ ఒక్క చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకుండా, దువ్వినట్టుంది. వెయ్యి మైళ్ళు పోతుందట దాని కూత.

"దీంతో ఎవరితో మాట్లాడినారన్నా?" అన్నాను.

"ఎవురితోనూ లేదు. లైసెన్సు యాడుండాది నాకు?"

నేను నోరు తెరిచాను. షెడ్డు పైన రేడియో కోసం కట్టిన తీగకు తగిలిస్తే చాలు గదా, వడమాలపేటలో ఎవరు చూడొచ్చారు అన్నాను. దేవరాజులన్న గుడ్డ కప్పేశాడు. "దొంగ కరెంటు వాడుకునే మోటారు నేను సుట్టను టీచరమ్మా. దొంగగా గాలిని మాత్రం వాడుకుంటానా?"

ఆయన భార్య కుప్పమ్మక్క పక్కనే ఉంది. చుట్టే మిషను పిడి తిప్పుతూ, చుట్లు లెక్కబెడుతూ, ఆ షాపులో సగం పని చేసేది ఆమే. "తాను దూర కంత లేదు, మెడకో డోలు. ఈయన రెండు తూర్లు పరీచ్చకు పొయ్యి రెండు తూర్లూ ఫెయిలు. ఊళ్ళో వాళ్ళకంతా మాత్రం నేర్పిస్తాడు" అంది. దేవరాజులన్న నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు. ఆ పెట్టెను తుడిచే చేతిని చూసినవాళ్ళకెవరికైనా తెలుస్తుంది, ఆయనకు ప్రపంచంలో కావలసింది అదొక్కటేనని.

లైసెన్సు కావాలంటే మద్రాసు పోయి పరీక్ష రాయాలి. రేడియో సంగతుల మీద రాతపరీక్ష ఒకటి. ఆ తర్వాత మోర్సు. మాటకు అయిదు అక్షరాలు, నిమిషానికి అయిదు మాటల లెక్కన అయిదు నిమిషాలు విని రాయాలి, అయిదు నిమిషాలు కొట్టి పంపాలి. ప్రతి ఆదివారం నేను ఆయనకు రాతపరీక్ష పాఠాలు చెప్పేదాన్ని, ఆయన నాకు మోర్సు చెప్పేవాడు. పాఠమంతా ఇంగ్లీషు. పుస్తకంలో పేరు తెలియకపోయినా వస్తువు తెలిసేది ఆయనకు. నాకు పేరు తెలిసేది, వస్తువు తెలిసేది కాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అయ్యేవాళ్ళం.

1997లో ముగ్గురం పోయాం. దేవరాజులన్న, నేను, కండక్టరు మునికృష్ణ. మునికృష్ణ తిరుపతి-పుత్తూరు బస్సులో పనిచేసేవాడు. ఎవరి మోటారూ కాలకుండా వచ్చిన ఒకే ఒక్క శిష్యుడు. బస్సు షాపు ముందు ఆగినప్పుడు ఈ కుయ్యికుయ్యి ఏందని దిగి, డ్రైవరు హారన్ కొట్టేదాకా ఎక్కలేదట. చిల్లర నాణెంతో బస్సు కమ్మీ మీద మోర్సు కొడుతుంటే ప్రయాణికులు టికెట్ కోసం చేతులు చాపేవాళ్ళు.

రాతపరీక్ష ముగ్గురం బాగా రాశాం. మోర్సు వినడం మాకు నల్లేరు మీద బండి నడక. ఆ అధికారి పంపే మోర్సు మెల్లగా, ఆగి ఆగి వస్తోంటే, ఇంత నిదానమా అని నాకు ఆవలింత వచ్చింది. పంపడం కూడా అయింది. దేవరాజులన్న బయటికి వచ్చాక మాత్రం ముఖం ఒకలాగుంది. "నేను కొట్టింది కడాకు అందలేదంట. మూడు తూర్లూ అదే మాట సెప్తారు. ఆయన సెవుల్లో ఏదో ఉండాది" అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడకన్నా అని నోటిదాకా వచ్చింది. నెలన్నరకు ఉత్తరాలు వచ్చాయి. నేను పాస్, మునికృష్ణ పాస్. నేర్పినాయన ఫెయిల్. నాకు సంతోషపడాలో ఏడవాలో తెలియక ఆ రోజు బడిలో పిల్లల మీద ఊరికే అరిచాను.

కొన్నాళ్ళకు నా లైసెన్సు చేతికొచ్చింది. ఆ ఆదివారం పొద్దున తిరుపతిలో మా ఇంటి తలుపు తట్టి, దేవరాజులన్న ఎర్రగుడ్డ కప్పిన పెట్టెతో నిలబడ్డాడు. "నీకు వచ్చేసింది గదా. ఇది నీ కాడ ఉండనీ. గూట్లో ఉంటే తుప్పు పడతాది. నేనింక పోను పరీచ్చకు. నువ్వు మాట్లాడితే నేను మాట్లాడినట్టే గదా" అన్నాడు.

"కాదు" అన్నాను.

"నువ్వు పాసైతే నేను పాసైనట్టే."

"అది అబద్ధం. మీకూ తెలుసు, నాకూ తెలుసు." నాకు కోపం ఇంకా పెరిగింది. కాఫీ కూడా తాగనివ్వకుండా ఆ పెట్టెను, ఆయనను తీసుకొని బస్సెక్కాను. అందులో కండక్టరు మునికృష్ణే. ఒడిలో పెట్టె చూసి, ఆయన ముఖం చూసి, నా ముఖం చూసి, రెండు టికెట్లు చింపి ఇచ్చాడు. షాపుకు పోయి పెట్టెను గూట్లో పెట్టి, నా చేతిసంచీలోంచి టేప్‌రికార్డర్ తీశాను. "అయిదు నిమిషాల పాఠం కొట్టండి. ఆ అధికారి చెవుల్లో ఏముందో చూద్దాం."

ఆయన కొట్టాడు. నేను గడియారం చూశాను. అయిదు నిమిషాలు పట్టాల్సింది మూడు నిమిషాల పది సెకన్లలో అయిపోయింది. టేపు వెనక్కి తిప్పి వినిపించాను. మొదట్లో అక్షరాలు ఒక్కొక్కటే పెళ్ళికూతురు నడిచినట్టు వచ్చాయి. ఒక నిమిషానికి అడుగు వడి అందుకుంది. రెండో నిమిషం దాటాక చుక్క ఏదో గీత ఏదో తెలియకుండా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

దేవరాజులన్న చెవి ఒగ్గి విన్నాడు. "ఎవురప్పా వీడు? పిచ్చిగొడ్డు మాదిరి పరిగెత్తతా ఉండాడు" అన్నాడు.

"నువ్వే మామా" అంది కుప్పమ్మక్క. చుట్టే మిషను పిడి వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. "శనివారం పూట గుళ్ళో సూడలేదా టీచరమ్మా? మెల్లిగా ఎత్తుకుంటాడు. పోను పోను సెక్కలు పరిగెత్తతాయి. కడాకు వచ్చేసరికి ఎవురికీ ఒంటి మీద తెలివుండదు. అదే ఇది. సేతిలో సెక్క ఉంటే ఏమి, బ్లేడు ఉంటే ఏమి, మనిసి అదే గదా."

అప్పుడు నాకు వెలిగింది. భజన అంటేనే అది. మెల్లగా మొదలుపెట్టి, ఉరుకులో ముగించకపోతే భజన సాగలేదని ఊరు ఊరంతా చెప్పుకుంటుంది. ఇరవై అయిదేళ్ళ అలవాటు ఆయన మణికట్టులో కూర్చుంది. ఆయనకు తెలియనే తెలియదు. మాకెవరికీ తెలియలేదు, ఎందుకంటే మేము ఆ ఉరుకులోనే నేర్చుకున్నాం. ఆయన పరుగుకు అలవాటు పడిన చెవులు గనకనే మద్రాసులో మాకు ఆవలింతలు వచ్చాయి. ఏ తప్పు ఆయన్ను మూడుసార్లు ఫెయిల్ చేసిందో, ఆ తప్పే మమ్మల్ని పాస్ చేసింది. ఆ సంగతి అర్థమై నాకు సిగ్గేసింది.

"ఇంక దీనికి మందు లేదు" అన్నాడు దేవరాజులన్న. "యాభై ఏండ్లకు దగ్గర పడినాక సెయ్యి మారతాదా?"

కుప్పమ్మక్క మళ్ళీ పిడి అందుకుంది. "తీగ సుట్టేటప్పుడు పరిగెత్తవు గదా నువ్వు. మొదటి సుట్టు ఎట్ల తిప్పతావో నూరో సుట్టూ అట్లే తిప్పతావు. ఒగ రవ్వ బిరీన తిప్పినా తీగ తెగిపోతాదని నాకు సెప్పిందే నువ్వు. ఎడమసేత్తో మిషను తిప్పుకుంటా, కుడిసేత్తో కొట్టి సూడు."

నేను కాగితం మీద లెక్కేశాను. పరీక్షలో కొట్టాల్సింది నూట ఇరవై అయిదు అక్షరాలు. ఆయన మామూలుగా తిప్పే వడికి, అక్షరానికి రెండు చుట్లు. మొత్తం రెండు వందల యాభై చుట్లు. అది సరిగ్గా అయిదు నిమిషాలు.

"ఇంతే గదా? రెండు వందల యాభై సుట్లంటే ఒగ చిన్న కాయిలు" అన్నాడాయన. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూశాను.

తీగ లేని ఖాళీ మిషనును ఎడమచేత్తో తిప్పుతూ కుడిచేత్తో మోర్సు కొట్టడం మొదలైంది. మొదటి వారం రెండు చేతులూ పోట్లాడుకున్నాయి. కుడిచెయ్యి ఉరికితే ఎడమచెయ్యి కూడా దాని వెంట ఉరికేది. అప్పుడు కుప్పమ్మక్క, "తీగ తెగె!" అని అరిచేది. లేని తీగ తెగిపోయినందుకు ఆయన నిజంగా నొచ్చుకొని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. మోటార్లకు వచ్చిన రైతులు కూడా బ్లేడు బొక్కలు ఆపి లెక్కబెట్టేవాళ్ళు. "నూట ఎనబై... నూట ఎనబై ఒగటి..." దారిన పోయేవాళ్ళు ఈ షాపులో ఏం వేలంపాట జరుగుతోందో అని తొంగిచూసేవాళ్ళు. మూడు నెలలకు కుప్పమ్మక్క అరవడం మానేసింది.

1998 ఆగస్టులో నాలుగోసారి మద్రాసు పోయాడు. పరీక్ష గదిలో మిషను ఉండదు గదా. నేను తోడుగా పోయి, బయట వరండాలో కూర్చున్నాను. నా చేతివేళ్ళు నేను లెక్కబెట్టుకుంటూనే ఉన్నాను. బయటికి వచ్చాడు.

"ఏమైంది?"

"రెండు వందల యాభై రెండు" అన్నాడు. "రెండు సుట్లు జాస్తి పడినాయి."

బల్ల కింద తొడ మీద ఎడమచేత్తో గాలిని తిప్పుతూ కొట్టాడట. అధికారి రెండుసార్లు వంగి బల్ల కిందికి చూశాడట. చివర్లో మాత్రం, "ఈసారి మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి పంపినట్టుంది" అన్నాడట. నాకు ఆ వరండాలోనే ఆయనను పట్టుకొని ఏడవాలనిపించింది. ఏడవకుండా, ఆకలేస్తోంది అన్నాను. ఇద్దరం పోయి పొంగలు తిన్నాం.

పాసైన ఉత్తరం వచ్చాక పోలీసు విచారణ ఒకటి ఉంటుంది. కానిస్టేబులు షాపుకు వచ్చి, పైన కట్టిన తీగను అనుమానంగా చూశాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"ఎక్కడెక్కడోళ్ళతోనో మాట్లాడతావంట. ఏం మాట్లాడతావు?"

"బాగుండావా అని అడగతా సార్."

"ఇంకా?"

"నేను బాగుండా అని సెప్తా."

"అంతేనా?"

"అంతకన్నా ఏముంటాది సార్?" అన్నాడు దేవరాజులన్న. కానిస్టేబులు రాసుకోవాల్సింది రాసుకొని, పోతూపోతూ తన బావమరిది మోటారు ఒకటి కాలిపోయి ఉందని చెప్పిపోయాడు.

1999 ఫిబ్రవరిలో లైసెన్సు వచ్చింది. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పిలుస్తాను, ఇంట్లో ఉండమని మునికృష్ణతో కబురంపాడు. నేను ఏడింటికే మిద్దె మీది గదిలో, నా చేత్తో నేను చేసుకున్న సెట్టు ముందు కూర్చున్నాను. మా ఆయన కాఫీ తెచ్చి పెడితే చల్లారిపోయింది.

ఎనిమిది దాటింది. గరగరల మధ్య సన్నగా ఒక కూత. ముందు లైసెన్సుతో పాటు తనకిచ్చిన పిలుపు పేరు, తర్వాత నాది. ఒక్కొక్క అక్షరం విడివిడిగా, సమంగా, దువ్వినట్టు. ఆ తర్వాత నా పేరు. అందులో రెండు ఒంటి చుక్కలు. నాకు కళ్ళు మసకబారాయి. చేత్తో తుడుచుకొని రాసుకున్నాను.

'బాగుండావా' అని అడిగాడు. 'బాగున్నా. నాయన మోటారు కూడా బాగుంది' అని పంపాను. 'నేను బాగుండా. కుప్పమ్మ మిషను తిప్పతా ఉండాది' అని వచ్చింది. తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాలు, వడమాలపేట నుంచి తిరుపతికి. బస్సు టికెట్ కొంటే గంటలో ముఖాముఖి చెప్పుకునే మాటలు. ఆ మాటల కోసం ఆయన పదేళ్ళు ఆ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టాడు.

తర్వాత ఆయన పేర్లు పంపడం మొదలుపెట్టాడు. మొదటిది చిన్నబ్బ. రెండోది కుప్పమ్మ. ఆ తర్వాత పీపీ చేసినవాళ్ళు, చేసిన వరుసలో. నాలుగో పేరుకు వడి కొంచెం పెరిగింది. ఏడో పేరుకు ఉరుకందుకుంది. పదో పేరు దాటాక చుక్క లేదు గీత లేదు, శనివారం పూట గుళ్ళో కడపటి పాట లాగా ఘల్లుఘల్లుమని ఒకదాని మీద ఒకటి దూకుతున్నాయి. మద్రాసు అధికారి ఉండి ఉంటే అక్కడికక్కడే నాలుగోసారీ ఫెయిల్ చేసి ఉండేవాడు.

నాకు ఒక్క అక్షరం పోలేదు. పంతొమ్మిదో పీపీ నాది గదా, ఆ పేరు దగ్గర నా పెన్సిలు కూడా పరిగెత్తింది. మరుసటి రోజు బడి వదిలాక షాపుకు పోతే కుప్పమ్మక్క, "నాలుగో పేరుకాడే నేను పిడి వదిలేస్తి టీచరమ్మా. ఆయన్ను పట్టుకోడానికి ఎవురి వల్ల అవుతాది?" అని నవ్వింది.

ఆదివారం నాడు మాత్రం, ఆ ఉరుకంతా అయిపోయి ఆయన ఆగినప్పుడు, నేను చేసింది ఒకటే. మళ్ళీ పంపమన్నాను. అర్థం కాక కాదు.